రెండు పికప్‌లు కలిస్తే మంద్రం మాయం!
బేస్‌ గిటార్‌కు మెరుగులు దిద్దేవారు ముందే చూసుకోవాల్సినవి

పెళ్లి వేదికపై ఆర్కెస్ట్రా అయినా, ఆదివారం చర్చిలో ఆరాధన గీతమైనా పాటకు పునాది వేసేది బేస్‌ గిటారే. ఆ వాద్యానికి కొత్త హంగులు దిద్దాలనే ఆశతో వేల రూపాయలు వెచ్చించి రెండో పికప్‌ అమర్చుకున్న వాద్యకారులకు ఒక్కోసారి వింత అనుభవం ఎదురవుతుంది. విడివిడిగా రెండూ చక్కగా పలుకుతాయి. కలిపిన క్షణంలో మంద్రస్థాయి మాయమై నాదం పీలగా మారిపోతుంది. పికప్‌ చెడిపోయిందని దుకాణానికి పరుగెత్తనవసరం లేదు. తరచూ లోపం ఉండేది వస్తువులో కాదు, కలిపిన తీరులో.

తీగ కదిలితేనే విద్యుత్తు
అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగను వేల చుట్లు చుడితే అదే పికప్‌. పైనున్న ఉక్కుతీగ కంపించినపుడు అయస్కాంత క్షేత్రం మారి చుట్టలో విద్యుత్తు పుడుతుంది. 1831లో ఫారడే కనుగొన్న సూత్రమే ఇది. మెడ వైపు తీగ విశాలంగా ఊగుతుంది కాబట్టి అక్కడి పికప్‌ గంభీరంగా పలుకుతుంది. బ్రిడ్జి దగ్గర ఊపు తక్కువ, స్పష్టత ఎక్కువ.

అమెరికాకు చెందిన ఫెండర్‌ సంస్థ 1951లో ప్రెసిషన్‌ బేస్‌ను తెచ్చింది. 1957లో దాని పికప్‌ను రెండు ముక్కలుగా విడగొట్టింది. 1960లో వచ్చిన జాజ్‌ బేస్‌కు రెండు పొడవాటి పికప్‌లు అమర్చింది. ఈ రెండు రకాలనూ ఒకే చెక్కపై చేర్చడమే వాద్యకారులు చెప్పుకొనే ‘పి-జె’ కలయిక.

గుంయ్‌మనే రొద ఎక్కడిది?
ఒంటి చుట్ట పికప్‌ చుట్టుపక్కల కరెంటు తీగల నుంచి 50 హెర్ట్జ్‌ రొదను లాగుతుంది. ప్రెసిషన్‌లో రెండు ముక్కల చుట్లూ, అయస్కాంత ధ్రువాలూ పరస్పర విరుద్ధం. కనుక రొద రద్దవుతుంది, నాదం నిలుస్తుంది. జాజ్‌ బేస్‌లోనూ రెండు పికప్‌లను సమానంగా తెరిస్తే ఇదే ఫలితం. పి-జెలో మాత్రం జె పికప్‌కు జోడీ లేదు. పక్కనున్న ‘పి’ దాని రొదను అణచిపెడుతుందనుకోవడం పొరపాటు. అదే ఆకారంలో లోపల రెండు చుట్టలుండే, రొదను రద్దుచేసే పికప్‌లు దొరుకుతున్నాయి. ఖర్చు పెట్టదలిస్తే పెట్టాల్సింది అక్కడే.

సూది ఎటు కదిలింది?
ఇక మంద్రం మాయమయ్యే సంగతి. ఒక పికప్‌ సంకేతం పైకి వెళుతున్నపుడు రెండోది కిందికి వెళితే ఒకదాన్నొకటి మింగేస్తాయి. వేర్వేరు తయారీదారుల సరుకును కలిపినపుడు ఈ చిక్కు వస్తుంది. బిగించక ముందే తెలుసుకునే ఉపాయముంది. సూది ఉండే మల్టీమీటరును తక్కువ వోల్టుల స్థాయిలో పెట్టి, పికప్‌ తీగలకు తగిలించాలి. స్క్రూడ్రైవరును పికప్‌కు ఆనించి చటుక్కున లాగాలి. రెండు పికప్‌లకూ సూది ఒకే దిక్కుకు కదలాలి. కదలకుంటే ఒకదాని రెండు తీగలను తారుమారు చేసి టంకం పెడితే సరి. అయితే లోహపు కవచం ఆ తీగల్లో ఒకదానికి కలిసి ఉంటే ముందు దాన్ని విడదీయాలి. లేకుంటే చెయ్యి తగిలినపుడల్లా రొద వస్తుంది. రెండూ కలిసినపుడు మధ్యస్థాయి కొంత తగ్గడం సహజమే, దాన్ని లోపంగా భావించరాదు.

బ్యాటరీతో పనిచేసే యాక్టివ్‌ పికప్‌ను మామూలు దానితో కలపడం మరింత చిక్కు. యాక్టివ్‌ వాటికి సాధారణంగా 25 కిలో ఓమ్‌ల నాబ్‌లు, మామూలు వాటికి 250 కిలో ఓమ్‌లవి వాడతారు. మామూలు పికప్‌ను 25 కిలో ఓమ్‌ల నాబ్‌కు కలిపితే దాని గొంతు నొక్కినట్లే. మధ్యలో చిన్న ప్రీఆంప్‌ లేకుండా ఆ జోలికి వెళ్లకపోవడం మేలు.

చెక్క తొలిచే ముందు..
బ్రిడ్జి వైపు పికప్‌ బలహీనంగా వినిపిస్తే మరలు తిప్పి పైకి లేపవచ్చు. మరీ దగ్గరైతే అయస్కాంతం తీగనే లాగి శ్రుతి చెడగొడుతుంది. అన్నింటికంటే జాగ్రత్త అవసరమైంది చెక్క పనిలో. 1960ల జాజ్‌ బేస్‌తో పోలిస్తే 1970ల వాటిలో వెనుక పికప్‌ బ్రిడ్జికి మరింత చేరువగా ఉంటుంది. ఆ కొద్దిపాటి తేడాకే నాదం మారుతుంది. వడ్రంగికి గిటార్‌ అప్పగించే ముందు కాగితంపై కొలతలు గీసి, పాత తీగల అమరికను ఫొటో తీసి పెట్టుకోవాలి. టంకం ఎన్నిసార్లయినా కరిగించి మళ్లీ పెట్టవచ్చు గానీ, తొలిచిన గుంతను పూడ్చలేం.