కడుపులో మూడో వంతు

జమ్మలమడుగు, పులివెందుల మెట్ట పల్లెల్లో పూర్వం జొన్నరొట్టె, రాగిసంగటి, కొర్రన్నం నిత్యాహారాలు. వరి అన్నం పండుగనాటి ముచ్చట. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం ప్రారంభించిన తరువాత పేదల ఇళ్లలోనూ వరి అన్నం నిత్యమయింది. ఆకలి తీర్చిన ఆ మేలు కాదనలేనిది. అయితే ధాన్యంతో పాటు పని కూడా మారింది. మడక దున్నిన తండ్రి కొడుకు నేడు ప్రొద్దుటూరు అంగట్లో రోజంతా కూర్చుంటున్నాడు. తినే ముద్దల లెక్క మాత్రం తండ్రిదే. ఒళ్లు పెరగడానికి మూలం ఇక్కడే ఉంది.

ఇప్పుడు చూపు మళ్లీ చిరుధాన్యాల వైపు మరలింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. వాటి ప్రచారానికి పేరొందిన, ప్రొద్దుటూరులో జన్మించిన డాక్టర్ ఖాదర్ వలీకి అదే ఏడాది పద్మశ్రీ లభించింది. కొర్రల్లో, రాగుల్లో పాలిష్ బియ్యం కంటే పీచు ఎక్కువ. అందువల్ల కడుపు నిండిన తృప్తి ఎక్కువసేపు నిలుస్తుంది. కాని వండక ముందు 100 గ్రాములు తూస్తే, బియ్యమైనా కొర్రలైనా రాగులైనా ఇచ్చే శక్తి సుమారు 320 నుండి 355 కేలరీలు. ఒక ముద్ద సంగటి చాలినచోట మూడు తింటే ధాన్యం మార్చిన ఫలం దక్కదు. ఇక పిండిపదార్థం గ్రాముకు 4 కేలరీలిస్తే, నూనె 9 ఇస్తుంది. ఉగ్గాని పక్కన రోజూ బజ్జీలు చేరితే లెక్క ఎలా తప్పుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

కనుక ధాన్యం కంటే ముందు కొలత కావాలి. దివ్య ఖుర్ఆన్ తినడానికి, త్రాగడానికి అనుమతిస్తూనే మితిమీరడాన్ని వారించింది. నడుము నిలబెట్టే కొన్ని ముద్దలు మనిషికి చాలునని, అంతకు మించక తప్పకపోతే కడుపులో ఒక వంతు ఆహారానికి, ఒక వంతు పానీయానికి, ఒక వంతు శ్వాసకు ఉంచాలని దైవప్రవక్త (స) బోధించారు.

ఈ బోధను అలవాటుగా మార్చుకొనే మార్గం కష్టమైనది కాదు. పళ్లెంలో సగం కూరగాయలు, ఆకుకూరలు; పావు భాగం పప్పు, గుడ్డు లేదా మాంసం; మిగిలిన పావు సంగటి లేదా అన్నం. నింపాదిగా నమలాలి. రెండవ వడ్డనకు ముందు కాసేపు ఆగాలి. ఇంకొక ముద్ద వేయడమే మర్యాద అనుకొనే ఇల్లాలు, అతిథి వద్దన్నప్పుడు ఆగడం కూడా మర్యాదేనని గ్రహించాలి.

రమజాన్‌లో చాలామందికి కొంత బరువు తగ్గుతుంది. తరువాతి వారాల్లో అది చాలావరకు తిరిగి వస్తుందని పరిశోధనలు తెలుపుతున్నాయి. పగలంతా నిగ్రహించి ఇఫ్తార్‌లో సమోసాలతో కడుపు నింపేవారికి ఆ కాస్త తగ్గుదలా ఉండదు. మధుమేహానికి మందులు వాడేవారు మాత్రం ఉపవాసానికి ముందే వైద్యుని సలహా తీసుకోవాలి.

సన్నబడటానికి ఒక నెల నిగ్రహం తోడ్పడవచ్చు. అలా నిలిచి ఉండటానికి మిగిలిన పదకొండు నెలల పళ్లెమే ఆధారం.