తూకానికి పోయే కాగితాలకు శ్రీకాకుళంలో ఒక నిలయం

శ్రీకాకుళం: పండుగకు ఇల్లు సున్నం వేసే రోజుల్లో అటక మీది పాత వారపత్రికలు కిందికి దిగుతాయి. దిగినవి మళ్లీ పైకెక్కవు. పాత పేపర్ల వాని తక్కెట్లోకి పోతాయి. జిల్లాలో ఏ వూళ్లో చూసినా ఇదే తంతు. అలా పోయే కాగితాలను వెతికి తెచ్చి భద్రపరచే చోటు మన జిల్లా కేంద్రంలోనే, విశాఖ ఏ కాలనీలో వున్నదని చాలామందికి తెలియదు. దాని పేరు కథానిలయం.

దీన్ని నెలకొల్పినవారు కాళీపట్నం రామారావు మాస్టారు. లావేరు మండలం మురపాకలో 1924లో పుట్టారు. విశాఖపట్నంలో హైస్కూలు ఉపాధ్యాయులుగా పనిచేసి 1979లో రిటైరయ్యారు. 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అవార్డుల సొమ్ము పెట్టి, మిత్రుల సాయం తోడు చేసుకుని, 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. అవార్డు డబ్బుతో సొంత ఇల్లు బాగుచేసుకునేవారు వుంటారు గాని, కథలకు ఇల్లు కట్టినవారు అరుదు. అచ్చయిన ప్రతి తెలుగు కథా ఒక్కచోట దొరకాలన్నది ఆయన పట్టుదల. ఎవరి వద్ద పాత సంచికలున్నాయో వాకబు చేసి, తెప్పించి, జాబితాలు రాయించారు.

ఇక్కడి పని బయటికి కనిపించేది కాదు. దుమ్ము దులపాలి. సంచిక విప్పి అందులో కథ వున్నదా చూడాలి. కథ పేరు, రాసినవారి పేరు, పత్రిక, తేదీ తప్పు లేకుండా ఎక్కించుకోవాలి. వారపత్రికల కాగితం చౌకరకం. ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరిగి, మడత దగ్గర అప్పడంలా విరుగుతుంది. సముద్రపు గాలి, వాన చెమ్మ, చెదలు సరేసరి. అందుచేత ఒక్కో పేజీ తిప్పడానికీ ఓపిక కావాలి. జీతం బత్తెం ఆశించి చేసే పని కాదిది. మాస్టారు బతికున్నంత కాలం ఇదే లోకంగా గడిపారు. 2021 జూన్ 4న 96 ఏళ్ల వయసులో ఆయన కన్నుమూశారు. తరువాత ట్రస్టు సభ్యులు, పట్టణంలోని సాహిత్యాభిమానులు తీరిక చేసుకుని చూసుకుంటున్నారు. మనసు ఫౌండేషన్ వారి తోడ్పాటుతో వేలాది కథల పుటలు ఇంటర్నెట్‌లోకి కూడా ఎక్కాయి. సెల్‌ఫోను వున్నవారు వూళ్లో కూర్చునే చదువుకోవచ్చు.

కథలు పోతే నష్టమేమిటని అడిగేవారూ లేకపోలేదు. మాస్టారి ‘యజ్ఞం’ కథలో సుందరపాలెం అప్పల్రాముడి అప్పు తగవు పంచాయితీకి వస్తుంది. అప్పు ఎలా పుట్టింది, ఎలా పెరిగింది, దానికి ఎన్ని తరాలు వెట్టి చేయాలన్నది ఆ కథలో వున్నంత వివరంగా ఏ రికార్డులో దొరుకుతుంది? రావిశాస్త్రి సారా కథలు చదివితే మద్యనిషేధం నాటి కోర్టుల తీరు తెలుస్తుంది. విజయనగరంలో చాగంటి సోమయాజులు రాసినవి బీదాబిక్కీ బతుకులు. ఇవన్నీ మన తాతల కాలపు సంగతులే.

పాత సంచిక ఒకటి దొరికితే చరిత్రే మారిన సందర్భమూ వుంది. గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘దిద్దుబాటు’ తొలి తెలుగు కథ అని చాలాకాలం అందరూ చెప్పుకున్నారు. తరువాత బండారు అచ్చమాంబ ‘ధనత్రయోదశి’ 1902లోనే ‘హిందూ సుందరి’ పత్రికలో వచ్చిందని బయటపడింది. ఏది మొదటిదన్న వాదం పండితులు చేసుకుంటారు. ఆ సంచిక ఎవరో దాచివుండకపోతే అసలు వాదమే లేదు.

వంశధార ఒడ్డున శాలిహుండం కొండమీది బౌద్ధ స్తూపాలు శతాబ్దాల తరబడి మట్టిలో వుండి కూడా నిలిచాయి. కాగితానికి ఆ అదృష్టం లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఉద్దానం మీద పడినప్పుడు ఇళ్ల కప్పులే లేచిపోయాయి. ఇక అటకమీది పెట్టెల సంగతి చెప్పాలా?

అందుచేత తూకం వేయించే ముందు ఒకసారి కట్ట విప్పి చూడటం మంచిది. ముఖ్యంగా రిటైరయిన మాస్టార్ల ఇళ్లలో, మూతపడిన గ్రామ గ్రంథాలయాల బీరువాల్లో పాత సంచికలు వుండే అవకాశం ఎక్కువ. కాలేజీ పిల్లలు సెలవుల్లో వూరికి నాలుగిళ్లు తిరిగి అడిగినా కొన్ని బయటపడతాయి. అట్ట పోయినా, చివర చిరిగినా పారేయనక్కరలేదు. పత్రిక పేరు, తేదీ కనిపించే పేజీ ఒక్కటి మిగిలితే ఆ కథ ఎప్పటిదో తేలుతుంది.