పథ్యం పేరుతో పస్తులు: తల్లీబిడ్డల చుట్టూ అపోహలు – వాస్తవాలు

నెల తప్పిందన్న మాట బయటికి పొక్కగానే సలహాలు ఇంటికి నడిచొస్తాయి. బొప్పాయి ముట్టకు, గ్రహణం రోజు కదలకు, కుంకుమపువ్వు మరిచిపోకు. కాన్పయ్యాక అవి ఇంకా పెరుగుతాయి. పప్పు వద్దు, పెరుగు వద్దు, మంచినీళ్లు తగ్గించు. కాస్త నిదానంగా చూస్తే వీటిలో చాలావరకు తల్లి కంచంలోంచి ఏదో ఒకటి తీసేసేవే, కాకపోతే తప్పంతా ఆమె నెత్తిన వేసేవే. తండ్రి కంచం జోలికి వచ్చే పథ్యం ఒక్కటీ కనబడదు.

అపోహ: కడుపుతో ఉన్నామె గ్రహణం చూసినా, ఆ సమయంలో కూరగాయలు తరిగినా బిడ్డకు మొర్రి వస్తుంది.

బిడ్డ పెదవి గర్భం దాల్చిన 4 నుంచి 7 వారాల మధ్య, అంగిలి 6 నుంచి 9 వారాల మధ్య ఏర్పడతాయి. చాలామందికి గర్భం సంగతి ఖాయంగా తెలిసేసరికే ఆ పని సగం పైన అయిపోయి ఉంటుంది. ఏడో నెలలో పట్టిన గ్రహణం అప్పటికే కలిసిపోయిన పెదవిని చీల్చలేదు. జన్యువులు, పొగతాగడం, అదుపులో లేని మధుమేహం, మూర్ఛకు వాడే కొన్ని మందులు మొర్రికి దారితీయొచ్చు. చాలాసార్లు ఫలానా కారణమని చెప్పలేం కూడా. నిండు నెలల మనిషిని తిండీ నీళ్లూ లేకుండా గంటల తరబడి కదలకుండా పడుకోబెట్టడమే అసలు హాని. మొర్రిని శస్త్రచికిత్సతో సరిచేస్తారు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచితంగానే చేయిస్తారు. ఆ తల్లిని “గ్రహణం రోజు ఏం చేశావమ్మా?” అని ఆరా తీయడం మనం మానుకోవాలి.

అపోహ: కుంకుమపువ్వు పాలు తాగితే తెల్లటి బిడ్డ, ఐరన్ మాత్రలు మింగితే నల్లటి బిడ్డ.

ఒంటి రంగు తల్లిదండ్రుల జన్యువుల నుంచి వస్తుంది. ఐరన్ మాత్రల వల్ల విరేచనం నల్లగా అవుతుంది, అంతే. కుంకుమపువ్వు వల్ల డబ్బు వృథా కావడం తప్ప పెద్ద నష్టం లేదు. మాత్రలు మానేస్తే మాత్రం నష్టం తప్పదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నారు. ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకొకటి చొప్పున గర్భంతో ఉండగా 180 రోజులు, కాన్పు తర్వాత మరో 180 రోజులు వాడాలి. టీ, కాఫీలతో కలిపి వేసుకుంటే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. నిమ్మరసం లాంటి పుల్లటిది తోడుంటే బాగా పడుతుంది.

ఆడపిల్ల పుడితే కోడలి వంక చూసేవాళ్లకు ఒక్క మాట. బిడ్డ ఆడో మగో తేల్చేది తండ్రి వీర్యకణంలోని ఎక్స్ లేదా వై క్రోమోజోమ్.

అపోహ: సిజేరియన్ అయితే మూడు రోజుల దాకా పాలు పడవు. అప్పటిదాకా డబ్బా పాలో పంచదార నీళ్లో పట్టాలి.

మన దగ్గర ఎక్కువ హాని చేస్తున్న అపోహ ఇదేననిపిస్తుంది. అదే సర్వేలో తెలంగాణ లెక్కలు చూడండి. నూటికి 97 కాన్పులు ఆసుపత్రుల్లోనే జరుగుతున్నాయి. పుట్టిన గంటలోపు తల్లిపాలు అందిన పిల్లలు మాత్రం నూటికి 37 మందే. డాక్టరూ నర్సూ పక్కనే ఉన్నా తొలి గంట ఎటు పోతోంది? సిజేరియన్లు నూటికి 60 దాటడం ఒక కారణం. “ముందు ఆమెను పడుకోనివ్వండి” అంటూ బిడ్డను బయటికి తెచ్చి, బంధువుల చేతుల్లో తిప్పి, తేనె నాకించడం ఇంకో కారణం.

మాయ బయటపడగానే ఒంట్లో ప్రొజెస్టెరాన్ పడిపోతుంది. పాలు దిగడానికి అదే మొదటి సంకేతం. కాన్పు ఏ దారిలో జరిగినా మాయ బయటికి రావాల్సిందే కదా. ఆపరేషనైన తల్లికి పాలు నిండుగా దిగడం కొంచెం ఆలస్యం కావచ్చు కానీ, ముర్రుపాలు అప్పటికే సిద్ధంగా ఉంటాయి. అవి చెంచాల లెక్కలోనే వస్తాయి. మొదటి రోజు బిడ్డ పొట్టకు పట్టేదీ అంతే. చిక్కగా, పసుపుగా ఉన్నాయని పిండి పారబోసే ఆ పాల నిండా బిడ్డను జబ్బుల నుంచి కాపాడే యాంటీబాడీలు ఉంటాయి. నడుముకు మత్తు ఇచ్చి చేసే ఆపరేషన్లో తల్లి మెలకువగానే ఉంటుంది. పక్కన ఒకరు ఒత్తిగిల్లించి సాయం పడితే చాలు, బిడ్డకు పాలు పట్టొచ్చు. తొలి రోజుల్లో బిడ్డ బరువు కొంత తగ్గడం మామూలే. అయిదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లో అంతకన్నా ఎక్కువో మూత్రం పోస్తూ, బరువు పెరుగుతుంటే పాలు చాలుతున్నట్టే. బిడ్డ ఏడ్చిన ప్రతిసారీ ఆకలే అనుకోనక్కర్లేదు.

పాలు వృద్ధి కావాలంటే బిడ్డ చప్పరించాలి. డబ్బా పాలు అలవాటైతే చప్పరించడం తగ్గుతుంది, దాంతో పాలూ తగ్గుతాయి. చివరికి “నాకు పాలు లేవు” అని ఆ తల్లే నమ్మేస్తుంది. డబ్బా పాలకు ప్రచారం చేయడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది. చుట్టాలు ఉచితంగా చేసే ప్రచారానికి ఏ చట్టమూ అడ్డురాదు.

అపోహ: బాలింత పప్పు తింటే కుట్లు చీము పడతాయి, నీళ్లు తాగితే పొట్ట వస్తుంది, పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తుంది.

గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, చేపలు, పెరుగు వాటి కోసమే. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల. తల్లిపాలలో ఎక్కువ భాగం నీళ్లే కాబట్టి దాహం వేసినంతా తాగాలి. నీళ్లు తగ్గిస్తే పొట్ట తగ్గదు, మలబద్ధకంతో కుట్లు మరింత బాధిస్తాయి. తల్లి తిన్న పెరుగు చల్లదనం పాలలోకి దిగదు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, చాలాసార్లు ముద్దాడే పెద్దల నుంచే.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం గర్భిణికి రోజుకు 350 కేలరీలు అదనంగా కావాలి. పాలిచ్చే తల్లికి మొదటి ఆరు నెలలూ 600 అదనంగా కావాలి. మనం సరిగ్గా తిరగేసి నడుపుతున్నాం. సీమంతం నాడు “ఇద్దరి తిండి తినాలి” అని బతిమాలి పెట్టిన ఇల్లే, కాన్పయ్యాక ఆమె ముందు కారంపొడి అన్నం పెట్టి చేతులు కడిగేసుకుంటుంది. అమెరికాలో పురుడు పోయడానికి వెళ్లిన అమ్మల సూట్‌కేసుల్లోనూ ఈ పథ్యమే ప్రయాణిస్తోంది.

అలాగని పాత పద్ధతులన్నీ తీసిపారేయనక్కర్లేదు. వెల్లుల్లి కారం, మెంతికూర పెట్టండి, పప్పూ గుడ్డూ తీసేయకుండా. బాలింతకు కొన్ని వారాలు ఇంటిచాకిరీ తప్పించిన ఆచారం చాలా మంచిది. విశ్రాంతి అంటే గదిలో బంధించడం కాదు. ఆపరేషనైన వాళ్లు డాక్టరు చెప్పినప్పటి నుంచి నెమ్మదిగా నడవాలి. లేకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

పసిబిడ్డ విషయంలో చకచకా చెప్పుకుందాం. ఏడాది లోపు తేనె వద్దు, అరుదుగానైనా బాట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు రావచ్చు. ముక్కులో ఆముదం పోస్తే ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది, దిష్టికి చుక్క పెట్టాలనుకుంటే కంట్లో మాత్రం వద్దు. ఆరు నెలలు నిండేదాకా తల్లిపాలే చాలు, మంచినీళ్లు కూడా అక్కర్లేదు. ఆ తర్వాత మెత్తటి పప్పన్నం, ఉడికించిన గుడ్డు నిరభ్యంతరంగా పెట్టొచ్చు. “పళ్లు వస్తున్నాయిలే” అని విరేచనాలను వదిలేస్తే ఒంట్లో నీరు ఇంకిపోతుంది. ఓఆర్ఎస్ తాగించి, డాక్టరు చెప్పిన మోతాదులో జింకు 14 రోజులు ఇవ్వాలి. వాకర్‌లో కూర్చోబెడితే త్వరగా నడక రాదు, దెబ్బలు తగులుతాయి. కెనడా 2004లోనే వాటి అమ్మకం నిషేధించింది.

అపోహ: తల్లికి అన్నీ వాటంతటవే తెలుస్తాయి.

పాలు పట్టడం, నిద్రపుచ్చడం, ఏడుపును పోల్చుకోవడం అన్నీ నేర్చుకుంటేనే వస్తాయి. నేర్పేవాళ్లూ ఉన్నారు. ఆసుపత్రిలో కాన్పయితే 42 రోజుల్లో ఆరుసార్లు ఆశా కార్యకర్త ఇంటికి రావాలి. ఆమె వచ్చినప్పుడు అమ్మమ్మ, నాయనమ్మ, తండ్రి కూడా పక్కన కూర్చుని వినాలి. ఒక్క బాలింతే వింటే, ఆశా కార్యకర్త గడప దాటగానే పాత మాటే నెగ్గుతుంది. తొలికాన్పు పుట్టింట్లో అనే ఆచారం వల్ల చాలామంది తండ్రులు ఆదివారం చుట్టాల్లా వచ్చిపోతుంటారు. పాలు తాగిన బిడ్డను భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, గుడ్డలు మార్చడం మగవాళ్లకూ వస్తాయి.

“బంగారంలాంటి బిడ్డ పుట్టాక ఏడుపేమిటి?” అన్న మాట ఏ ఇంట్లోనూ వినబడకూడదు. మన దేశంలో జరిగిన అధ్యయనాలను కలిపి చూసి 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వేసిన అంచనా ప్రకారం కాన్పు తర్వాత నూటికి 22 మంది తల్లులు కుంగుబాటుకు లోనవుతున్నారు. మొదటి కొన్ని రోజుల దిగులు సాధారణంగా దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, బతకాలని లేదని ఆమె అంటే దిష్టి తీస్తూ కూర్చోకండి. అది వైద్యంతో నయమయ్యే జబ్బు. డాక్టరుకు చూపించండి, లేదా టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 24 గంటలూ ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.