ఆ కుర్చీలో ఎవరున్నారు?

జపాను రచయిత ఎదొగావా రంపో కథ చదివినవారు నేటికీ తెగని వాదులాటలో పడుతుంటారు

భర్తను ఉద్యోగానికి సాగనంపి, రచయిత్రి యోషికో తన పఠనమందిరంలోని పెద్ద తోలుకుర్చీలో కూర్చుని ఆనాటి ఉత్తరాలు విప్పుతుంది. వాటిలో ఒకటి మరీ దళసరిగా ఉంది. వ్రాసినవాని పేరు లేదు.

అతడు తానొక కురూపినని, కుర్చీలు తయారుచేసే పనివాడినని చెప్పుకుంటాడు. విదేశీయులు బస చేసే హోటలు కోసం చేసిన కుర్చీలో మనిషి పట్టేంత ఖాళీ ఉంచి, తిండీ నీళ్లూ అమర్చుకుని తానే అందులో దూరాడట. దొంగతనానికై మొదలైన పని వ్యసనంగా మారింది. కూర్చున్నవారి బరువు, వెచ్చదనం, ఊపిరి ఇవే అతని లోకమైనాయి. తరువాత ఆ కుర్చీ వేలంలో ఒక ఉన్నతోద్యోగి ఇంటికి చేరింది. ఆ ఇంటి ఇల్లాలు ఒక రచయిత్రి!

ఇది 1925లో వెలువడిన 'నింగెన్ ఇసు', అనగా 'మనిషి కుర్చీ'. రచయిత అసలు పేరు హిరాయి తారో (1894–1965). అమెరికా రచయిత ఎడ్గార్ అలన్ పో మీది అభిమానంతో ఆ పేరునే జపాను ఉచ్చారణకు మలచి కలంపేరుగా పెట్టుకున్నాడు. ఈ ఊహ తట్టినప్పుడు అతడు మిత్రుడు యొకొమిజో సెయిషితో కలిసి కోబే నగరంలో ఒక సామానుల దుకాణానికి వెళ్లి, కుర్చీలో మనిషి పడతాడా అని అడిగి తెలుసుకున్నాడట.

భయంతో యోషికో ఆ గది విడిచి, జపాను పద్ధతిలో కట్టిన మరొక గదిలోకి పారిపోతుంది. ఇంతలో అదే చేతివ్రాతతో రెండవ ఉత్తరం వస్తుంది. తాను ముందు పంపినది ఒక కథ మాత్రమేననీ, దయతో అభిప్రాయం తెలుపవలసిందనీ అందులోని మనవి. కథ అక్కడే ముగుస్తుంది.

ఇక్కడే పాఠకులు చీలిపోతారు. కొందరు "అంతా కల్పనే" అని ఊపిరి పీల్చుకుంటారు. మరికొందరు ఆ మాట నమ్మరు. ఆ ఇంటి సంగతులు వానికెలా తెలిశాయి? సమాధానం రాక, భయపడి మాట మార్చాడేమో! యోషికో కుర్చీని విప్పించి చూడదు గనుక ఈ తగవు తీరదు.

మూడవ పక్షంవారు ఆ పనివాని మీద జాలి పడతారు. తన చేతులతో చేసిన సొగసైన వస్తువులన్నీ ధనికుల ఇళ్లకు పోతుంటే, తాను మాత్రం మురికివాడలో మిగిలిపోయిన ఒంటరివాడు. కానీ వాని వినయం వెనుక ఎంత దౌర్జన్యం ఉన్నదో గమనించినవారికి ఆ జాలి నిలువదు. ఆ స్పర్శకు యోషికో అనుమతి ఎవరడిగారు?

శ్రద్ధగా చదివితే మరొక విశేషం కనబడుతుంది. ఆమె ఉత్తరం చదివే వేళకు తాను బయట, ఆ ఇంటి చుట్టూ తిరుగుతుంటానని అతడే వ్రాశాడు. అంటే ఆ క్షణంలో కుర్చీ ఖాళీ! అయినా ఆమె వెన్ను జలదరిస్తుంది, మనకూ జలదరిస్తుంది. మనలను భయపెట్టేది ఇప్పుడు అక్కడ ఉన్నవాడు కాదు, ఇన్నాళ్లూ ఉన్నాడేమో అన్న తలపు. తలుపు మూసుకుంటే దొంగ రాకుండా ఆగుతాడు. గడచిపోయిన నెలలకు గడియ ఎలా వేయగలం?

రెండవ ఉత్తరం కూడా అందుకే ఊరట కలిగించదు. అది నిజమైనా, ఒకసారి చదివినదానిని చదవనట్లు చేయలేదు. ఒక అపరిచితుడు ఆమె ఏకాంతంలోకి ప్రవేశించాడు, కుర్చీలో నుంచి కాకపోతే కాగితంలో నుంచి.

1956లో జేమ్స్ హారిస్ ఈ కథను ఆంగ్లంలోకి తెచ్చాడు. అతడు జపాను భాష మాట్లాడగలడు గాని చదవలేడు. రంపో ఆంగ్లం చదవగలడు గాని వ్రాయలేడు. ఇద్దరూ కూర్చుని వాక్యం వెంట వాక్యంగా పని ముగించారు. భయానక బొమ్మల కథల రచయిత జుంజీ ఇతో కూడా తరువాత దీనికి రూపమిచ్చాడు. నూరేళ్లు దాటినా దీని పట్టు సడలలేదు. ఎందుకంటే, ఈ కథను చదివేవారు సాధారణంగా ఏదో ఒక కుర్చీలో కూర్చునే చదువుతారు.