ఇస్తాంబుల్ వీధి రుచులు: నువ్వుల రొట్టె ధర చెప్పే కథ

ఇస్తాంబుల్ నగరంలో తెల్లవారకముందే వీధిలోకి వచ్చేది సిమిత్ బండి. అద్దాల పెట్టెలో వలయాకారపు రొట్టెలు పేర్చి ఉంటాయి. పిండిని రెండు పాయలుగా మెలిపెట్టి, ద్రాక్షరసం మరిగించి తీసిన పాకం కలిపిన నీటిలో ముంచి, నువ్వులలో దొర్లించి బట్టీలో కాలుస్తారు. పైన కరకర, లోపల మెత్తదనం. పడవ కోసం పరుగెత్తే ఉద్యోగి, బడికి వెళ్లే విద్యార్థి, పటం చేతపట్టుకున్న విదేశీ యాత్రికుడు ఒకే బండి దగ్గర ఆగుతారు. 16వ శతాబ్ది నాటి ఒట్టొమన్ పత్రాలలోనే ఈ రొట్టె ప్రస్తావన కనిపిస్తుంది.

సిమిత్ ధరను అమ్మేవారు తమ ఇష్టానుసారం నిర్ణయించరు. వర్తక సంఘాలు ధరతో పాటు బరువును కూడా ఖరారు చేస్తాయి. ధర పెరిగితే అది పత్రికలలో వార్త. ఒక సిమిత్, ఒక గ్లాసు టీ అక్కడి సామాన్యుని చౌక అల్పాహారం కనుక, జీవన వ్యయాన్ని కొలవడానికి జనం వాడే తూకపు రాయి కూడా అదే. 2022 అక్టోబరులో అధికారిక వార్షిక ద్రవ్యోల్బణం 85 శాతం దాటింది. 2018 ఆరంభంలో నాలుగు లీరాలలోపే లభించిన డాలరుకు 2024 చివరినాటికి సుమారు 35 లీరాలు చెల్లించవలసి వచ్చింది. డాలర్లు, యూరోలు మార్చుకొని తిరిగే యాత్రికునికి ఇది జేబులో నోట్ల సంఖ్య మాత్రమే. లీరాలలో జీతం తీసుకునే వ్యక్తికి మాత్రం ఉదయపు రొట్టె కూడా లెక్క చూసుకొని కొనవలసిన వస్తువైంది.

ఈ తేడా దర్శనీయ స్థలాల వద్ద మరింత స్పష్టంగా తెలుస్తుంది. బైజాంటియన్ చక్రవర్తి జస్టినియన్ కాలంలో 537లో పూర్తయిన హాగియా సోఫియా, 1453లో నగరం ఒట్టొమన్ల వశమయ్యాక మసీదుగా, 1930ల మధ్యలో మ్యూజియంగా, 2020 జులైలో మళ్లీ మసీదుగా మారింది. 2024 జనవరి నుంచి విదేశీ సందర్శకులు 25 యూరోలు చెల్లించి వేరే ద్వారం గుండా పై అంతస్తు వసారాకు వెళ్లాలి. ప్రార్థనకు వచ్చేవారికి కింది అంతస్తు ఉచితం. సొంత కరెన్సీ గల దేశం రుసుమును యూరోలలో నిర్ణయించిందంటే లీరా పరిస్థితి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

అక్కడి నుంచి దిగువకు నడిస్తే ఎమినోను రేవు. గలాటా వంతెన పొడవునా గాలాలు వేసుకొని నిలబడ్డ మనుషులు, కింద బాలిక్ ఎక్మెక్ దుకాణాలు. ఆ పేరుకు అర్థం చేప-రొట్టె. పెనం మీద కాల్చిన చేప ముక్కను ఉల్లిపాయ, ఆకుకూరతో రొట్టెలో పెట్టి, నిమ్మరసం పిండి ఇస్తారు. ఎదురుగా సముద్రం కనిపిస్తున్నా, రొట్టెలోని మాకెరెల్ చేప చాలావరకు నార్వే నుంచి గడ్డకట్టి వచ్చినదే. స్థానిక జలాలలోని మాకెరెల్ మితిమీరిన వేట, కాలుష్యాల వల్ల దశాబ్దాల క్రితమే దాదాపు కనుమరుగైంది. లూఫెర్ అనే మరో చేపను ఇస్తాంబుల్ వాసులు ఎంతగా ప్రేమిస్తారంటే, అది ఎదిగే కొద్దీ చినెకోప్, సారికనత్, లూఫెర్, కోఫానా అని పేర్లు మార్చి పిలుస్తారు. చినెకోప్ దశలోనే పట్టేస్తే లూఫెర్ మిగలదని అక్కడ ఉద్యమాలే జరిగాయి.

ఆల్చిప్పలలో మసాలా అన్నం కూరి అమ్మే మిద్యే దోల్మా మరో ఆకర్షణ. అమ్మేవాడు చిప్ప తెరిచి నిమ్మరసం పిండి అందిస్తూనే ఉంటాడు. చాలు అని మనం చెప్పాక ఖాళీ చిప్పలు లెక్కబెట్టి డబ్బు తీసుకుంటాడు. విచిత్రమేమిటంటే ఈ అమ్మకందారులలో అనేకులు సముద్రమే లేని ఆగ్నేయ ప్రాంతపు మార్దిన్ నుంచి పని వెతుక్కుంటూ వచ్చినవారు. ఎండాకాలంలో మాత్రం జనం రద్దీగా ఉన్న చోటే తినడం క్షేమం. గొర్రెపేగులను కడ్డీకి చుట్టి కాల్చే కోకోరెచ్ చాలామంది విదేశీయులను వెనక్కి తగ్గేలా చేస్తుంది కానీ, బోటి కూర రుచి తెలిసిన తెలుగువారికి అందులో వింతేమీ ఉండదు. శాకాహారులకూ కొదవ లేదు. కాల్చిన చెస్ట్‌నట్ గింజలు, ఉడికించిన మొక్కజొన్న, వెన్న, జున్ను నింపిన పెద్ద బంగాళాదుంప కుంపిర్ ఉన్నాయి. ఒకప్పుడు పచ్చి మాంసంతో చేసిన చీ కోఫ్తే ఇప్పుడు దుకాణాలలో గోధుమరవ్వ, మిరప ముద్దలతో మాంసం లేకుండానే దొరుకుతుంది. తోడుగా తాగే అయ్‌రాన్ మన ఉప్పు మజ్జిగకు దగ్గరి బంధువు.

బాస్ఫరస్ ఒడ్డునే ఉన్న దోల్మబాహ్చె ప్రాసాదానికి హైదరాబాద్‌తో ఒక ముడి ఉంది. 1924 మార్చిలో ఖిలాఫత్ రద్దు కాగానే చివరి ఖలీఫా రెండవ అబ్దుల్ మజీద్ ఈ భవనం నుంచే ప్రవాసానికి వెళ్లారు. 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరంలో ఆయన కుమార్తె దుర్రుషెహ్వార్‌ను ఏడవ నిజాం పెద్ద కుమారుడికి, బంధువుల అమ్మాయి నీలోఫర్‌ను రెండవ కుమారుడికి ఇచ్చి వివాహం చేశారు. హైదరాబాద్‌లోని నీలోఫర్ ఆసుపత్రి పేరు ఆ వధువుదే.

టీ గురించి చెప్పకుండా ఈ నగరాన్ని వదలలేం. టర్కీ అనగానే కాఫీ గుర్తొస్తుంది, 2013లో యునెస్కో అవ్యక్త వారసత్వ జాబితాలో చేరిందీ ముందుగా కాఫీయే. వీధిలో రోజంతా తిరిగేది మాత్రం టీ పళ్లెం. కాఫీ గింజలు పండే యెమెన్ మొదటి ప్రపంచ యుద్ధంతో చేజారింది. కాఫీ దిగుమతి భారంగా మారగా, కొత్త గణతంత్ర ప్రభుత్వం నల్లసముద్ర తీరంలోని రిజే ప్రాంతంలో తేయాకు సాగును ప్రోత్సహించింది. అంటే అనాదిగా ఉన్నదిగా తోచే ఈ అలవాటు వయసు వందేళ్లు కూడా సరిగా లేదు. 2022లో అజర్‌బైజాన్‌తో కలిపి టీ సంస్కృతికీ యునెస్కో గుర్తింపు లభించింది.

ఒకదానిపై ఒకటి పెట్టిన రెండు కెటిళ్లలో పైదానిలో చిక్కని డికాషన్, కిందిదానిలో మరిగే నీరు. నడుము సన్నని గాజు గ్లాసులో రెండూ కలిపి, చక్కెర బిళ్లలతో ఇస్తారు. పాలు ఉండవు. దుకాణదారు బేరానికి ముందే గ్లాసు చేతికిస్తే కొనితీరాలని అర్థం కాదు. తాగి, కృతజ్ఞతలు చెప్పి, ఏమీ కొనకుండా లేచి వచ్చినా తప్పులేదు.