గ్రీకు పాఠానికి మన పేట నుంచే దారి

తొమ్మిదో తరగతి చరిత్రలో గ్రీసు, రోముల పాఠం ఒకటి ఉంది. ఏథెన్స్, స్పార్టా, పెరిక్లీస్, సోక్రటీసు. పిల్లలు పేర్లు బట్టీ పడతారు, పరీక్షలో రాస్తారు, మర్నాటికి మరిచిపోతారు. తప్పు వాళ్లది కాదు. వాషర్‌మెన్‌పేట్ సందుల్లో పెరిగే పిల్లకు రెండున్నర వేల ఏళ్ల కిందటి ఏథెన్స్‌తో ఏం పనో ఎవరూ చెప్పలేదు. పని ఉంది. ఆ పాఠాన్ని సోషల్ టీచరుకే వదిలేయకుండా తెలుగు టీచరు కూడా అందుకోవాలన్నది మా అభిప్రాయం.

మాటలతోనే మొదలుపెట్టవచ్చు. ఇంట్లో పంచాంగం చూసి శుక్ర హోర, గురు హోర అంటాం. ఆ ‘హోర’ గ్రీకు జ్యోతిష్యం నుంచి సంస్కృతంలోకి, అక్కడి నుంచి మన ఇళ్లలోకి వచ్చింది. లెక్కల పుస్తకంలో వృత్తానికి ‘కేంద్రం’ ఉంటుంది, ఢిల్లీలో ఉన్నదీ కేంద్ర ప్రభుత్వమే. దాని మూలం గ్రీకు ‘కెంత్రోన్’. 2019 ఫిబ్రవరిలో మన పేట దాకా మెట్రో రైలు సొరంగంలోనే వచ్చింది. ‘సొరంగం’ కూడా గ్రీకు ‘సిరింక్స్’ నుంచి సంస్కృతం మీదుగా వచ్చిన మాటేనని ఎక్కువమంది పండితులు ఒప్పుకుంటారు. ఈ మూడు మాటలూ బోర్డు మీద రాసి, అర్థం చెప్పి, ఎక్కడి నుంచి వచ్చాయో అడగండి. తరగతిలో నిద్రపోయే పిల్లవాడు కూడా తలెత్తుతాడు.

బట్టల దారి

మన పేటకు ఆ పేరు ఎలా వచ్చిందో పెద్దవాళ్లకు తెలుసు. ఈస్టిండియా కంపెనీ ఎగుమతి చేసే బట్టను ఉతికి, చలువ చేసేవాళ్లు ఇక్కడ స్థిరపడ్డారు. తమిళంలో వణ్ణారపేట, ఇంగ్లీషులో వాషర్‌మెన్‌పేట్. నేత, చలువ, అమ్మకం అన్నీ ఈ చుట్టుపక్కలే. ఓల్డ్ వాషర్‌మెన్‌పేట్‌లో కాలేజీకి ఎవరి పేరు పెట్టారో ఆ సర్ పిట్టి త్యాగరాయ చెట్టి గారిది కూడా తెలుగు మాట్లాడే దేవాంగ కుటుంబం, అంటే నేతవారి కులం.

కంపెనీ రావడానికి పదహారు వందల ఏళ్ల ముందే మన బట్టను గ్రీకు భాషలో పొగిడినవాడు ఒకడున్నాడు. క్రీస్తు శకం మొదటి శతాబ్దంలో, ఈజిప్టు నుంచి మన సముద్రాల మీద వ్యాపారం చేసిన గ్రీకు వర్తకుడు. పేరు తెలియదు. అతను రాసిన ‘ఎరిత్రియన్ సముద్ర పెరిప్లస్’ రేవుల వివరాలు చెప్పే చిన్న పుస్తకం. అందులో ‘మసాలియా’ అనే తీరంలో సన్నని నూలు బట్ట విస్తారంగా తయారవుతుందని ఉంది. అది మన కృష్ణా తీరం, మచిలీపట్నం ప్రాంతం. మరో వందేళ్లకు టోలెమీ అనే అలెగ్జాండ్రియా భూగోళ పండితుడు ఇదే తీరాన ‘కొంటకొస్సిల’ అనే ఊరిని నమోదు చేశాడు. అది కృష్ణా జిల్లా ఘంటసాల అని చరిత్రకారులు గుర్తించారు. పెరిప్లస్‌లోని ‘పొదుకె’ మనకు ఇంకా దగ్గర. అది పుదుచ్చేరి పక్కనున్న అరికమేడు అంటారు. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వించినప్పుడు మధ్యధరా ప్రాంతం నుంచి వచ్చిన ద్రాక్షసారాయి జాడీల ముక్కలు బయటపడ్డాయి.

అంతకంటే ముందే చంద్రగుప్త మౌర్యుడి కొలువుకు మెగస్తనీసు అనే గ్రీకు రాయబారి వచ్చాడు. ఆంధ్రులకు 30 కోటల పట్టణాలు, లక్ష కాల్బలం, 2 వేల గుర్రాలు, వెయ్యి ఏనుగులు ఉన్నాయన్న లెక్క రోమన్ రచయిత ప్లినీ పుస్తకంలో మిగిలింది. ప్లినీకి అది మెగస్తనీసు రాతల నుంచే అందిందని చెబుతారు. లెక్క ఎంతవరకు నిజమో చర్చించవచ్చు. రాయబారులు విన్నది విన్నట్టు రాస్తారు కదా. కానీ గ్రీకుల గురించి చదవడమంటే పరాయివాళ్ల గురించి చదవడమే కాదు, వాళ్లు మనల్ని ఎలా చూశారో చదవడం కూడా.

తమిళ పాఠం నుంచి కూడా ఇక్కడికి దారి ఉంది. మిరియాల కోసం బంగారంతో వచ్చిన యవనుల ఓడలు సంగ సాహిత్యంలో కనిపిస్తాయి. మన పిల్లలు రెండు భాషలూ చదువుతారు. ఒకే ఓడను ఇద్దరు కవుల కళ్లతో చూసే అవకాశం ఒక్క భాషే చదివేవాళ్లకు లేదు.

రూపధరుడు ఎవరు?

గ్రీకు సాహిత్యం తెలుగులో ఎక్కడుంది అంటారా? ఈ మద్రాసులోనే పుట్టింది. 1947 జూలైలో మొదలైన ‘చందమామ’ ఇలియడ్‌ను ‘భువనసుందరి’గా, ఒడిస్సీని ‘రూపధరుని యాత్రలు’గా సీరియళ్లు వేసింది. ఆ పత్రికకు ప్రాణం పోసిన కొడవటిగంటి కుటుంబరావు గారి ఇంపైన తెలుగు గుర్తున్న తాతయ్యలు, నాయనమ్మలు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. రూపధరుడంటే ఒడిస్యూస్ అని తెలియకుండానే ఆ కథ చదివేశారు. పాత సంచికలు ఇంటర్నెట్‌లో దొరుకుతున్నాయి. మనవడికి ఫోన్ ఇచ్చే బదులు ఆ ఫోన్‌లోనే ఆ కథ చదివి వినిపిస్తే చాలు.

ఒడిస్సీలో మన పేట పిల్లలకు ముందు చెప్పవలసిన కథ ఒంటికన్ను రాక్షసుడిది కాదు, నౌసికాది. ఆమె రాజకుమార్తె. ఒకరోజు తండ్రిని బండి అడిగి, ఇంటిల్లిపాది మాసిన బట్టలు వేసుకుని చెలికత్తెలతో ఏటికి వెళుతుంది. గుంటల్లో వేసి కాళ్లతో తొక్కి ఉతుకుతారు. గులకరాళ్ల మీద ఆరేస్తారు. అమ్మ కట్టిచ్చిన సద్ది తిని బంతాట ఆడతారు. బంతి నీళ్లలో పడి అమ్మాయిలు కేకలు వేస్తే, ఓడ మునిగి ఒడ్డుకు కొట్టుకొచ్చి పొదల్లో నిద్రపోతున్న ఒడిస్యూస్ లేస్తాడు. ఒంటి మీద నూలుపోగు లేదు, ఉప్పు పట్టి భయంకరంగా ఉన్నాడు. అందరూ పరుగెత్తుతారు. నౌసికా మాత్రం నిలబడుతుంది. ఉతికిన బట్టలు ఇచ్చి, ఇంటికి దారి చెబుతుంది. తర్వాత రాణి ఆ పరదేశి ఒంటి మీది బట్టలు చూసి గుర్తుపడుతుంది. అవి తాను నేసినవే!

ఉతకడం చిన్న పని అని పిల్లల చెవిన పడే లోకంలో, గ్రీకుల మహాకావ్యంలో రాజకుమార్తె ఉతుకుతుంది, రాణి నేస్తుంది. ఒడిస్యూస్ భార్య పెనెలోపె అయితే మగ్గంతోనే మూడేళ్లు పోరాడింది. మామగారి కోసం నేసే బట్ట పూర్తయ్యాకే మళ్లీ పెళ్లి అని మాటిచ్చి, పగలు నేసింది రాత్రి విప్పేసేది.

పోలికలు వాటంతట అవే వస్తాయి. ఒడిస్యూస్ చివర్లో ఎక్కుపెట్టిన విల్లు చూసి సీతా స్వయంవరం, మత్స్యయంత్రం గుర్తురాని తెలుగు పిల్ల ఉండదు. అయితే ‘వాళ్లు మన దగ్గరే కాపీ కొట్టారు’ అనే మాట తరగతిలోకి రానీయకండి. అకిలీసుకు మడమ ఒక్కటే బలహీనం అన్న కథ హోమర్‌లో లేదు, తర్వాతివాళ్లు చేర్చారు. గాంధారి చూపుతో దుర్యోధనుడి ఒళ్లంతా వజ్రమై తొడలు మిగిలిపోయాయన్న కథ కూడా వ్యాస భారతంలో లేదు. రెండు చోట్లా కథలు అలాగే పెరుగుతాయి. ఎవరు ముందు అన్న గొడవకంటే ఇది పిల్లలకు ఎక్కువ నేర్పుతుంది.

ఏథెన్స్ ప్రజాస్వామ్యం గురించీ నిజం చెప్పాలి. ఓటు మగవాళ్లకే. స్త్రీలకు, బానిసలకు లేదు. వేరే ఊళ్ల నుంచి వచ్చి అక్కడ స్థిరపడినవాళ్లు పన్ను కట్టాలి, యుద్ధానికి వెళ్లాలి, కానీ సభలో మాట్లాడే హక్కు లేదు. అరిస్టాటిల్ కూడా ఏథెన్స్‌లో అలాంటి పైవాడే. తరతరాలుగా ఒక ఊళ్లో ఉంటూ వేరే భాష మాట్లాడే కుటుంబాల పిల్లలకు ఈ విషయం వివరించి చెప్పనక్కర్లేదు.

మమ్మల్ని తల్లిదండ్రులు తరచూ అడిగేది ఒకటే ప్రశ్న: తెలుగు చదివితే ఏం వస్తుంది? 2006 తమిళ అభ్యాస చట్టం వచ్చినప్పటి నుంచి మైనారిటీ భాషల బడులు మినహాయింపుల కోసం కోర్టు మెట్లు ఎక్కుతూనే ఉన్నాయి. ఆ పోరాటం అవసరమే. కానీ కోర్టు గెలిపించి ఇచ్చిన పీరియడ్‌లో పద్యం ప్రతిపదార్థం బట్టీ పట్టించి పంపేస్తే, పిల్లలు తెలుగును వాళ్లంతట వాళ్లే వదులుకుంటారు. లోకాన్ని చూపించే భాషను మాత్రం ఎవరూ వదులుకోరు. హోమర్‌ను పిల్ల మొదట తెలుగులో విన్నదంటే, తెలుగు ఆమెకు ఇంట్లో మాట్లాడే మాట మాత్రమే కాదు.

వారానికి ఒక్క పీరియడ్ చాలు. ఒక టర్ములో నౌసికా, పెనెలోపె, విల్లు, ఇంకో టర్ములో పెరిప్లస్, టోలెమీ పటం. ఆఖరున పిల్లల్ని ఎగ్మూరు మ్యూజియానికి తీసుకెళ్లండి. అమరావతి శిల్పాలూ, దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేలూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఆ శిల్పాలు వచ్చిన కృష్ణ ఒడ్డునే టోలెమీ తన గ్రీకు పుస్తకంలో రాసుకున్నాడు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, ఇంకో రోజు చూసుకోండి.