మెదకు చర్చి

తెలంగాణమున హైదరాబాదు నగరమునకు ఉత్తరముగా రమారమి నూరు కిలోమీటర్ల దూరమున మెదకు పట్టణము కలదు. ఊరిని ఆనుకొని కొండపై ప్రాచీనమగు దుర్గము కానవచ్చును. పూర్వము దీనిని మెతుకు దుర్గమనియు, ఈ ప్రాంతమును మెతుకుసీమ యనియు పిలిచెడివారు. మెతుకనగా ఉడికిన అన్నపు గింజ. అట్టి పేరు గల సీమలోనే ఒకప్పుడు మెతుకు కరవైనది. ఆ కరవు కాలముననే ఇచ్చట ఒక మహామందిరము వెలసినది.

ఈ మందిరమును కట్టించినవారు మెథడిస్టు శాఖకు చెందిన క్రైస్తవులు. 18వ శతాబ్దమున ఇంగ్లండులో జాన్ వెస్లీ (1703–1791) అను మతాచార్యుడుండెను. ఆక్స్‌ఫర్డు విద్యాపీఠమున ఆయనయు, ఆయన మిత్రులును ప్రార్థన, పఠనము, చెరసాలలోని వారిని పరామర్శించుట మున్నగు పనులను వేళ తప్పక ఒక పద్ధతి ప్రకారము చేసెడివారు. తోటివారు వారిని పరిహసించుచు 'మెథడిస్టులు', అనగా 'పద్ధతివారు', అని పేరు పెట్టిరి. ఎగతాళికి పెట్టిన పేరే పిమ్మట గౌరవనామమైనది.

19వ శతాబ్ది చివర ఈ శాఖకు చెందిన చార్లెస్ వాకర్ పాస్నెట్టు ఇంగ్లండునుండి నిజాము రాజ్యమునకు వచ్చెను. తొలుత సికింద్రాబాదులోని ఆంగ్ల సైనికులకు బోధకుడుగా నుండి, పిదప పల్లెప్రజల నడుమ పనిచేయగోరి మెదకు చేరెను. క్రమముగా సంఘము పెరిగెను. ప్రార్థనకు విశాలమగు మందిరము కావలసివచ్చెను. 1914లో నిర్మాణ మారంభమయ్యెను.

అది మొదటి ప్రపంచ యుద్ధము మొదలైన సంవత్సరము. ఆ దినములలో వానలు లేక చెరువులెండి, పైరులు మాడి, కూలిజనము తిండికి అలమటించిరి. అట్టి వేళ ఇంత పెద్ద కట్టడమేల, ఆ ధనముతో అన్నము పెట్టరాదా యని ఎవరికైనను తోచును. ఊరక పంచిన అన్నము ఆ పూట ఆకలిని తీర్చును గాని, పుచ్చుకొనువాని తల వంచును. పని చేసి సంపాదించిన అన్నము ఆకలితోపాటు అభిమానమును గూడ కాపాడును. పాస్నెట్టు ఈ రెండవ మార్గము నవలంబించెను. రాళ్లు చెక్కినవారికి, మోసినవారికి, సున్నము కలిపినవారికి ఆ పనియే జీవనాధారమయ్యెను. పది సంవత్సరములు ఈ విధముగా పని సాగెను.

మందిరమునకు నమూనా గీసిన శిల్పి థామస్ ఎడ్వర్డు హార్డింగు. దీని పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు. గోపురము ఎత్తు 175 అడుగులు. సుమారు 5,000 మంది ఒక్కసారి కూర్చుండి ప్రార్థింపవచ్చును. ఇది గోథిక్కు శైలికి చెందినది. ఆ శైలిలోని కమానులు గుండ్రముగా నుండక, పైన మొనదేలి యుండును. అట్టి కమాను తనపై బడిన భారమును ప్రక్కలకు తక్కువగాను, క్రిందికి ఎక్కువగాను త్రోయును. కావుననే అట్టి కట్టడములను చాల ఎత్తుగా లేపవచ్చును.

లోపల రంగుటద్దముల గవాక్షములు మూడు కలవు. క్రీస్తు జననము, సిలువ మరణము, స్వర్గారోహణము వానియందు చిత్రింపబడినవి. వీనిని రూపొందించినవాడు ఆంగ్ల చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. వెలుపలి సూర్యకాంతి అద్దముల గుండా లోనికి ప్రసరించినపుడే ఆ బొమ్మలు వెలుగును. చీకటి పడగానే లోపలినుండి చూచువారికి అవి మాసిపోవును. వాని శోభకు సూర్యుడే దీపము.

1924 డిసెంబరు 25వ తేదీన, క్రిస్మసు పండుగనాడు, మందిరము ప్రతిష్ఠింపబడెను. 1947 సెప్టెంబరు 27న మెథడిస్టులు, ఆంగ్లికనులు మున్నగు పలు శాఖలవారు ఏకమై దక్షిణ భారత సంఘముగా నేర్పడిరి. నాటినుండి ఈ మందిరము ఆ సంఘమున మెదకు అధ్యక్ష మండలమునకు ప్రధానాలయమైనది. 2024లో దీనికి నూరేండ్లు నిండినవి.

నేడు మతభేదము లేక అనేకులు దీనిని దర్శింప వచ్చుచున్నారు. గోపురమును చూచువారు కట్టించినవారి పేరు తలతురు. ఆ రాళ్లను మోసినవారిని గూడ తలచుట న్యాయము. మెతుకు కొరకు వారు చిందించిన చెమటయే ఈ గోడలను నిలిపినది.